మైకుల పట్నం ఆఖరి మాట

పాండేసర, సూరత్
6 ఏప్రిల్ 2025

బిడ్డా వినోదా,

నా రాత సూసి నవ్వకు. ఊరి బడిల ఐదు దాంక సదివిన. అదీ వానకాలం వస్తె బడి కురుస్తదని సార్లు ఇంటికి తోలేది. ఒత్తు ఎక్కడ పెట్టాల్నో ఎక్కడ తియ్యాల్నో నాకు ఇప్పటికీ సక్కగ తెల్వది. తప్పులుంటె నువ్వే సరిజేసుకోని సదువుకో. నువ్వు మా చెల్లె బిడ్డవు, నీ ముందట సిగ్గేంది అని రాస్తున్న.

ఫోన్ జేస్తె అయిపోతది గదా అంటది మీ అత్తమ్మ ఎల్లవ్వ. బట్ట నేసే సాంచల సప్పుడుకు నా చెవులు మొద్దువారినయ్, నీకెరుకే. ఫోన్ల నీ మాట ఈగ ముసిరినట్టు ఇనపడ్తది. వీడియో పెడితె నీ మొఖం ఆగి ఆగి అస్తది. పెదవి ఒకతాన, మాట ఒకతాన. ఏమర్థమైతది? కాయిదమైతె ఆగదు.

నువ్వు సినిమా తీసినవని మీ అమ్మ ఎల్లవ్వకు చెప్పిందట. కార్ఖాన మొత్తం చెప్పిన. అంటె నేను చెప్పలే, నాకు సిగ్గు. పక్క సాంచ నడిపే మల్లేష్ కు చెప్పిన, వాడు అందరికి చెప్పిండు. ఇప్పుడు అందరు నన్ను డైరెక్టర్ మామ అంటుండ్రు. నేను తల కిందికేసుకోని పోతున్న.

రాబోయే చెడ్డకాలం మీద సినిమా అట గదా. అది నాకు జర సమజ్ కాలే. టికెట్ కొనుక్కోని చెడ్డకాలం ఎందుకు సూస్తరు బిడ్డా? మల్లేష్ మొబైల్ల ఇసొంటియే సూస్తడు. వాన్ని అడిగిన.

"అండ్ల అందరు మనలెక్కనే తల వంచుకోని ఉంటరన్నా. గని ఒక్కరు ఎదురు తిరుగుతరు. ఆ ఒక్కరి కోసం సూస్త" అన్నడు.

"మరి నువ్వెందుకు తిరుగవురా?"

"నాకు డ్యూటీ ఉన్నది" అన్నడు.

ఇక్కడి కొత్త ముచ్చట ఒకటే. కార్ఖానల కెమెరాలు పెట్టిండ్రు. దారం నూగు పడి ఒక్క పూటల అద్దం మసకైతది. నిచ్చెనెక్కి తుడిచే పని నాకిచ్చిండ్రు. రాజమల్లు ఎవ్వలతోని మాట్లాడడు, నమ్మకస్తుడు అన్నడట మేనేజర్. ఈ వయసుల నిచ్చెనేందని ఎల్లవ్వ లొల్లి పెడ్తుంది.

సినిమాల పెండ్లి ఉన్నదా, పాటలు ఎన్ని అని అడుగుమన్నది. రాయి.

మీ మామ,
రాజమల్లు


హైదరాబాద్
15 ఏప్రిల్ 2025

మామా,

నేను నవ్వలేదు. నీ ఉత్తరం అమ్మకు ఫోన్ల చదివి వినిపిస్తే అమ్మ నవ్వింది. "మా అన్న ఇంత మాట్లాడుతడా" అన్నది. నోటితోని కాదమ్మా, పెన్నుతోని అన్న.

పెండ్లి లేదని అత్తమ్మకు చెప్పు. పాట ఒకటి ఉన్నది గాని సగంలనే ఆగిపోతది. కోపానికి రావొద్దను.

సినిమా పేరు 'మైకుల పట్నం'. ఆ పట్నంల ప్రతి స్తంభానికి ఒక మైకు. పొద్దు మాపు ఒకటే మోత. ఒకరి మాట ఒకరికి వినపడొద్దని పెట్టిండ్రు. ఏండ్లు గడిచినకొద్దీ జనం మాట్లాడుకునుడే మరిచిపోతరు. ఆ మైకుల దుమ్ము తుడిచే పిల్ల ఒకతి ఉంటది. ఆఖరికి స్తంభమెక్కి ఒక మాట అంటది. ఆ మాట రాయను. నువ్వు హాల్ల కూసోనే తెలుసుకోవాలె.

నీ నిచ్చెన ముచ్చట చదివి గుండె ఝల్లుమన్నది మామా. మేం షూటింగ్ చేసింది నిరుడు. నీకు ఆ పని ఇచ్చింది ఇప్పుడు. ఏదో ఊహించి రాసుకున్న అనుకున్న, వాళ్ళు నా వెనకనే వచ్చి నిజం చేస్తుండ్రు.

ఈ కథ ఎక్కడిది అనుకున్నవ్? నీ దగ్గరిదే. నాన్న అక్కడ పనిచేసేటప్పుడు నేను టిఫిన్ డబ్బ పట్టుకొని కార్ఖానకు వచ్చేదాన్ని. అంత మోతల నువ్వూ మల్లేష్ కాకా చేతులతోని ముచ్చట పెట్టుకునేటోళ్ళు. బొటనవేలు పైకెత్తి వంచితే చాయ. మెడ మీద వేలు గీస్తే పెద్దసారు వస్తుండని. నేను మీ చేతులే చూసుకుంట నిలబడేదాన్ని. అందుకే మైకుల మోత కోసం ఒక కార్ఖానకు పోయి సాంచల చప్పుడే పట్టుకొచ్చినం.

ఎందుకు చూస్తరని అడిగినవు. వార్తల్ల చెప్తే ఎవరూ ఆగి వినరు, తగువులాడి లేచిపోతరు. ఇది మీ ఊరు కాదు, మీ కాలం కాదు అని చెప్తే మాత్రం నిమ్మళంగ కూసుంటరు. సినిమా అయిపోయి బయటికొచ్చినంక స్తంభాలు ఇక్కడ గూడ ఉన్నయని వాళ్ళకే కనబడాలె. అదే నా ఆశ. జెండా ఒక్కటి కూడ చూపియ్యలేదు గాని, నా లెక్కల ఇది రాజకీయమే.

ఒక్కటే బుగులు. మా ప్రొడ్యూసర్ శ్యాంసుందర్ గారికి ఆ ఆఖరి మాట నచ్చుతలేదు. ఎవరికి తగులుతదో, ఎవరు కేసు వేస్తరో అంటున్నడు. ఆ ఒక్క మాట కోసమే సినిమా తీసిన మామా. అది పోతే మిగిలేది మోతనే.

నీ వినోద


పాండేసర
27 ఏప్రిల్ 2025

వినోదా,

కోపం మీద రాస్తున్న. అక్షరాలు ఇంక వంకర పోతుంటయ్, సర్దుకో.

సాంచల సప్పుడును దయ్యాల సప్పుడు జేసినవా? అది ఆగితె మాకు నిద్ర పట్టది. కరెంటు పోయి సాంచలు బంద్ అయితె ఈ గల్లీల పసిపిల్లలు ఉలిక్కిపడి లేచి ఏడుస్తరు. మీ నాయిన ఆ సప్పుడు మీదనే నిన్ను సదివిచ్చిండు. నువ్వు దాన్ని పట్టుకపోయి జనాన్ని బెదిరిచ్చెటందుకు పెట్టినవు.

ఇంకోటి. ఏసీల కూసున్నోళ్ళు నీ సినిమా సూస్తరు. అమ్మో ఎంత చెడ్డకాలం, మనకింక రాలే అని మురుసుకుంట ఇంటికి పోతరు. ఆ కాలంల షిఫ్టు దిగి మేము సైకిల్ మీద పోతుంటం. వాళ్ళ కారు పక్కకెళ్ళే పోతుంటం. నువ్వు రేపు అన్నది మాకు నిన్ననే అయిపోయింది.

ఆ పిల్ల స్తంభమెక్కుతది అన్నవు. అందరు సప్పట్లు కొడ్తరు. ఎవలో ఎక్కిండ్రు గదా, ఇగ మన పనైపోయింది అనుకోని ఇంటికి పోయి పంటరు. మల్లేష్ ను సూస్తలేనా? ఎన్ని సినిమాలు సూసినా టైముకు డ్యూటీకి అస్తడు.

మల్లేష్ అంటె యాదికొచ్చింది. కార్ఖానల బోర్డు పెట్టిండ్రు. పని కాడ చేతులు ఊపద్దు, ఊపితె ఆ పూట పని లేదు అని. మేనేజర్ కొత్తోడు, ఆఫీసు నుంచి అచ్చినోడు. మా చేతుల ముచ్చట వానికి తెల్వది, తెల్వంది ఏదన్న కండ్లవడితె వానికి బుగులు. ఏదో కుట్ర జేస్తున్నం అనుకుంటుండు. మొన్న మల్లేష్ నాదిక్కు తిరిగి చాయ తాగుదమా అని వేలు లేపిండు. గంతే. కెమెరాల దొరికిండు. ఇంటికి పంపిండ్రు.

ఆ అద్దం పొద్దుగాల తుడిచింది నేనే. మంచిగ తళతళ మెరిసేటట్టు తుడిచిన.

పిల్లను తిట్టకు అని ఎల్లవ్వ అంటుంది. తిట్టలే. ఉన్నది రాసిన.

రాజమల్లు


హైదరాబాద్
17 మే 2025

మామా,

నీ ఉత్తరం పదే పదే చదివిన.

సినిమా నిన్న విడుదలయ్యింది. సూరత్ల కూడ మనోళ్ళు ఒక ఆట వేయిస్తున్నరని విన్న. నువ్వు పోకు. అత్తమ్మను కూడ తీసుకపోకు. ఎందుకని ఇప్పుడు అడగకు.

ఇంకో నెలకు ఫోన్లల్ల చూసే యాప్ కు ఇస్తరట. దాంట్ల నా పేరు తీసెయ్యమని శ్యాంసుందర్ గారికి చెప్పిన. జూన్ ఆఖరు దాక సోంచాయించుకో అన్నడు. సోంచాయించేది ఏం లేదు.

నిచ్చెన మెల్లగ ఎక్కు.

వినోద


పాండేసర
26 మే 2025

బిడ్డా వినోదా,

పోకు అన్నవు. పోయిన. పుట్టి బుద్దెరిగి ఒకరు వద్దన్న పని నేను చేసింది ఇదే మొదలు, అందుకే ముందుగల ఒప్పుకుంటున్న.

నేను సప్పుడు ముచ్చట రాసినందుకు అలిగి పేరే తీసేసుకుంటున్నవని ఎల్లవ్వ నా పళ్ళెంల అన్నం పెట్టుడే గని మొఖం సూసుడు లేదు. "సినిమా సూడకుంట తిట్టినవ్. సూసి తిట్టు పో" అన్నది. ఆమెనే తోల్కపోయింది.

ఆదివారం పొద్దటి ఆట. హాలంత మనోళ్ళే. షిఫ్టు దిగి అచ్చినోళ్ళు, ఎక్కేటోళ్ళు, ఇంటోళ్ళు, పిల్లలు. మైకుల మోత షురూ కాంగనే ఆడోళ్ళు చెవులు మూసుకున్నరు. సాంచలోళ్ళు మాత్రం కాళ్ళు సాపుకున్నరు. ఇంటికచ్చినట్టయ్యింది వాళ్ళకు. అందరు బుగులు పడాల్సిన కాడ మల్లేష్ నాదిక్కు తిరిగి, "అన్నా, ఎన్కనుంచి రెండో సాంచ, బేరింగ్ పోయింది, ఇన్నవా" అన్నడు. ముందట కూసున్నోడు ఎన్కకు తిరిగి, "బేరింగ్ కాదురా, పట్టా" అన్నడు. గండ్ల ఒక లొల్లి. ఇది హైదరాబాదోళ్ళకు సమజ్ కాదు.

మైకులు తుడిచే పిల్ల కండ్లవడంగనే ఎల్లవ్వ నాదిక్కు సూసింది. నేను కిందికి సూసిన.

ఒక ముచ్చట నాకు నచ్చింది. ఆ పట్నాన్ని ఏలేటోని మొఖం నువ్వు ఒక్కసారి సుత సూపియ్యలే. వాడు ఎసొంటోడో, మంచం మీద పంటడో కింద పంటడో తెల్వది. మైకులు కట్టేటోళ్ళను, తీగె గుంజేటోళ్ళను, తుడిచేటోళ్ళను సూపిచ్చినవు. అందరు మంచోళ్ళే, ఎవల పని వాళ్ళు సక్కగ జేస్తుండ్రు. వాళ్ళు సక్కగ జేస్తుండ్రు గన్కనే ఆ మోత నడుస్తుంది. సినిమా సూసుకుంట నేను ఎవలను తిట్టాల్నో ఎతికిన. నా చేతుల గుడ్డనే కనవడ్డది.

ఇగ ఆఖరి మాట. ఆ పిల్ల స్తంభం కొసకెక్కి, కింద బందూకులు పట్టుకున్నోళ్ళను సూసి, "జవాబు చెప్పేదాక దిగను" అన్నది. ఏం మాట చెప్పిచ్చినవ్ బిడ్డా! ఎల్లవ్వ నా మోచెయ్యి గుంజి "ఏమన్నది, ఏమన్నది" అన్నది. చెప్పిన. మల్లేష్ ను వాని ఇంటామె అడిగింది, వాడు చెప్పిండు. ఎవలకు వాళ్ళు పక్కోళ్ళకు చెప్పుకుంట చెప్పుకుంట హాలంత అదే మాట అయ్యింది. ఆట ఒడిసినంక పిల్లలు కుర్చీలెక్కి "జవాబు చెప్పేదాక దిగం" అని నిలవడ్డరు. ఏం అడుగుతుండ్రో వాళ్ళకు తెల్వది. హాలోడు దించలేక సతమతమైండు. ఆఖరికి ఐస్ ఫ్రూట్ ఇప్పిస్తమన్నంక దిగిండ్రు.

నేను రాసింది తప్పు. అందరు ఇంటికి పోయి పండలే.

ఇయ్యాల పొద్దుగాల నేను నిచ్చెనెక్కలే. మేనేజర్ అచ్చి ఎందుకు తుడువలే అన్నడు. చేతులు ఊపుడు తప్పెట్లయ్యింది, జవాబు చెప్పు, తుడుస్త అన్న. గంతే అన్న. సాంచ కాడికి పోయి నిలవడ్డ.

నీ పేరు తియ్యకు. మా పిల్ల అని నలుగురికి సూపిచ్చుకుంటం.

మీ మామ,
రాజమల్లు


హైదరాబాద్
5 జూన్ 2025

మామా,

నీ ఉత్తరం చదివి నాకు చెమటలు పట్టినయ్. ఆ మాట నీకు ఎవరు చెప్పిండ్రు? నిజం చెప్పు.

ఆ మాట సినిమాల లేదు మామా. ఉన్నది గాని లేదు. విడుదలకు ముందు శ్యాంసుందర్ గారు నాకు చెప్పకుంట ఆ సీన్ల మైకుల మోత పెంచేసిండు. పిల్ల నోరు కదులుతది, మాట వినపడదు. కింద అక్షరాలు కూడ అక్కడ ఖాళీ. ఇక్కడ హాల్ల నేను మొదటి ఆట చూసిన. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నరు. "ఏమన్నదిరా?" "ఏమో." లేచి పోయిండ్రు. అందుకే నిన్ను పోవద్దన్న. అందుకే పేరు తీసెయ్యమన్న. నువ్వు తిట్టినందుకు కాదు. నీ మీద అలిగేంత దానినా నేను?

నీ ఉత్తరం చూసి మా సౌండు చేసే సంపత్ దగ్గరికి ఉరికిన. మోత పెంచని మొదటి కాపీ నువ్వే సూరత్ కు పంపినవా అని లొల్లి చేసిన. అతను దేవుని మీద ఒట్టేసిండు. పాపం ఆ పిల్లగాడు ఏడ్చినంత పని చేసిండు. అందరికీ పోయింది ఒక్కటే కాపీ.

మరి నీకు ఎట్ల తెలుసు? రాసిన కాగితాలు ఇక్కడ నుంచి ఎవరన్న పంపిండ్రా? నన్ను ఓదార్చాలని అమ్మ దగ్గర అడిగి తెలుసుకొని, హాల్ల విన్నట్టు రాసినవా? పిల్లలు కుర్చీలెక్కుడు కూడ నా కోసం కల్పించినవేనా? ఓదార్పు నాకు వద్దు మామా. ఎవరూ వినలేదన్నదే నిజమైతే ఆ నిజమే చెప్పు.

వినోద


పాండేసర
13 జూన్ 2025

వినోదా,

నీ ఉత్తరం సూసి ముందుగల రోషమచ్చింది. నేను కల్పిచ్చి రాస్తనా? ఉన్న మాట రాసెటందుకే నాకు అక్షరాలు సాలయి, లేంది యాడ రాయాలె?

ఎల్లవ్వకు సదివి ఇనిపిచ్చిన. ఆమె నా దిక్కు పిచ్చోన్ని సూసినట్టు సూసింది.

"ఆ పిల్ల మాట నాకెక్కడ ఇనవడ్డది? అందుకే గదా నిన్ను అడిగింది" అన్నది.

"నీకు ఇనవడలేదా?"

"నీకు ఇనవడ్డదా?"

అప్పుడు సోంచాయించిన. నాకు సుత ఇనవడలే. నాకు ఎన్కటి సంది ఏదీ ఇనవడది. సూసిన.

మల్లేష్ ను అడిగిన. "ఆఖరికి మోత పెరిగిందారా?" వాడు నెత్తి గోక్కున్నడు. "పెరిగిందేమో అన్నా, నేను ఖయాల్ జెయ్యలే. మంచిగనే చెప్పింది గదా" అన్నడు. ఇంక కొంతమందిని అడిగిన. అందరిదీ అదే మాట. మోత పెరిగిన ముచ్చట సాంచలోళ్ళు ఒక్కరు సుత ఎరుగరు. వాళ్ళ ఇంటోళ్ళందరికి ఎరుకే.

బిడ్డా, నువ్వు చిన్నప్పుడు టిఫిన్ పట్టుకోని అచ్చి మా చేతులు సూసినవు. చేతులు దూరమున్నోళ్ళకు. చాయకు, పెద్దసారు ముచ్చటకు. పక్క సాంచోనితోని అసలు ముచ్చట అంత పెదవుల మీదనే ఉంటది. బిడ్డ పెండ్లి, ఊర్ల తగాద, కుళ్ళు జోకులు, అన్నీ. చేతులు వద్దని బోర్డు పెట్టినంక మల్లేష్ మేనేజర్ మొఖం మీదనే నవ్వుకుంట పెదవులతోని ఏమేమంటడో నేను రాయ. నువ్వు ఆడపిల్లవు.

మీ ప్రొడ్యూసర్ ఆ మాటను దాచెటందుకు జాగ ఎతికి ఎతికి, తెచ్చి మా ఇంట్ల దాచిండు. ఆ సప్పుడు కింద మేము జిందగీ మొత్తం మాట్లాడుకున్నం. అండ్ల దాస్తె మాకు కనవడదా?

నేను కల్పియ్యలే. పిల్లలు కుర్చీలెక్కింది నిజం. ఐస్ ఫ్రూట్ సుత నిజం.

సంపత్ అనే పిల్లగాన్ని ఊకెనె తిట్టినవు. పోయి మాఫీ అడుగు.

పేరు సంగతి ఏం జేసినవు? ఎవ్వరు ఇనలేదు అనుకోని తీసేస్తా అన్నవు. మేము ఇన్నం గదా. మా లెక్క లేదా?

ఇక్కడ కెమెరా అద్దం నూగుతోని తెల్లగైంది. మేనేజర్ టీవీల మేము మబ్బుల నడిమిట్ల ఉన్నట్టు కనవడ్తున్నమట. వానలు షురూ అయినయ్.

మీ మామ,
రాజమల్లు


హైదరాబాద్
29 జూన్ 2025

మామా,

సంపత్ దగ్గరికి పోయి మాఫీ అడిగిన. "మేడమ్, మీ మామను మా స్టూడియోకు తోలుకరండి" అన్నడు. మా మామ సిగ్గరి, రాడు అన్న.

నిన్న శ్యాంసుందర్ గారి ఆఫీసుకు పోయిన. నా పేరు ఉంచుండ్రి అన్న. సంతోషపడ్డడు. "గొడవ పెట్టుకోవు గదా, మోత తగ్గించమని అడగవు గదా" అన్నడు. అడగను, మోత మీరు పెంచినట్టే ఉండనియ్యుండ్రి, ఇంకింత పెంచుకున్నా నాకు అభ్యంతరం లేదు అన్న. నా దిక్కు అనుమానంగ చూసిండు. ఒక్కటే షరతు అన్న. సినిమా అయిపోయినంక, అందరి పేర్లూ పోయినంక, నేను రాసిచ్చే ఒక్క వాక్యం వెయ్యాలె. కాగితం ఇచ్చిన. చదివిండు. "ఇదేంది, పొడుపు కథనా? బాగుంది, జనం మాట్లాడుకుంటరు" అన్నడు. సంతకం పెట్టిండు. నేనూ పెట్టిన.

ఆ వాక్యం ఇది: "ఆఖరి మాట వినపడనివాళ్ళు సాంచలు నడిపేవాళ్ళను అడగండి."

హిందీల, గుజరాతీల కూడ వేయించిన. జులై మొదటి వారంల ఫోన్లల్ల వస్తది.

మామా, నువ్వు ఏప్రిల్ ఉత్తరంల రాసింది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటది. ఏసీల కూసున్నోళ్ళు మురుసుకుంట ఇంటికి పోతరని. ఇప్పుడు వాళ్ళకు కథ పూర్తి కావాలంటే మీ గల్లీకి రావాలె. వచ్చి మిమ్మల్ని అడగాలె. ఇంటికి పోయి పండనియ్య.

మీ మేనేజర్ ఏమన్నడు? జాగ్రత్త. పని పోతే?

నీ వినోద


పాండేసర
12 జులై 2025

బిడ్డా వినోదా,

ఈ ఉత్తరంల అక్షరాలు అన్నిటికన్న వంకర ఉన్నయ్. దానికి నా సదువు కారణం కాదు. ఎందుకో చెప్త.

అందరు అడుగుతుండ్రు. ఆల్థాన్ దిక్కు ఒక చాయ హోటల్ల కూసుంటె పక్క బల్ల పిల్లగాండ్లు నా అంగీ మీది దారం పోగులు సూసి, "కాకా, ఆప్ సంచా చలాతే హో క్యా", సాంచ నడుపుతవా అన్నరు. అవునన్న. "ఆ సినిమాల పోరి ఆఖరికి ఏమన్నది" అని హిందీల అడిగిండ్రు. నాకు చెమటలు అచ్చినయ్. చెప్పిన. చాయ పోసేటోడు ఆగి సూసిండు. ఇచ్ఛాపూర్ నుంచి ఒకడు బండి మీద అచ్చి మల్లేష్ ను అడిగిపోయిండట. మల్లేష్ ఇప్పుడు చెప్పెటందుకు గుట్కా అడుగుతుండు. ఎదురు తిరుగుడు కూడ వానికి డ్యూటీ అయ్యింది.

మేనేజర్ సంగతి. నేను తుడువనంటె కొత్తోన్ని నిచ్చెనెక్కిద్దామని సూసిండు. అందుకే సోమారం షిఫ్టు మొదలు కాంగనే నేనే ముందుగల ఎక్కిన. కొసన కూసున్న. చేతుల గుడ్డ లేదు. ఇగ ఎవడెక్కుతడు?

మేనేజర్ కింద నిలవడి ఒర్లిండు. సాంచలు నడుస్తున్నయ్, ఏం ఇనవడది. గని వాని పెదవులు సూసిన. దిగు అంటుండు. నేను నా మాట అన్న. వానికి సమజ్ కాలే. పక్కోన్ని అడిగిండు, ఏమంటుండు ముసలోడు అని. మల్లేష్ వాని చెవుల ఒర్లి చెప్పిండు. వాడు నమ్మలే. రాజమల్లు అంత మాట అనడు అన్నడట.

అప్పుడు మల్లేష్ తన సాంచ బంద్ జేసిండు. ఎన్కాలోడు జేసిండు. అటు పక్క వరుస జేసింది. ఒక్కొక్కటి ఆగుకుంట ఆగుకుంట కార్ఖాన మొత్తం ఆగింది. కరెంటు పోకుంట సాంచలన్నీ ఆగుడు నేను పుట్టి సూడలే. అందరు తలెత్తి నాదిక్కు సూస్తుండ్రు. నాకు సచ్చేంత సిగ్గైంది. గని చెప్పిన.

"చేతులు ఊపుడు తప్పెట్లయ్యింది? జవాబు చెప్పేదాక దిగను."

నా గొంతు నేను ఇనక ఎన్నేండ్లయ్యిందో బిడ్డా. ఆ పొద్దు కొద్దిగ ఇనవడ్డది. మీ తాత గొంతు లెక్క ఉన్నది.

కార్ఖాన ఓనరు సేఠ్ ను అడిగి చెప్త అని మేనేజర్ పోయిండు. సేఠ్ ఊర్ల లేడట, ఇంక రాలే. సాంచలు మళ్ళ నడుస్తున్నయ్, నా సాంచ సుత మల్లేషే సూసుకుంటుండు. అందరు చేతులు ఊపుకుంటనే ఉన్నరు. మేనేజర్ టీవీల మబ్బులే. నేను షిఫ్టు మొదలు కాంగనే ఎక్కుత, షిఫ్టు ఒడిసినంక దిగుత. పొద్దుగాల మళ్ళ ఎక్కుత. ఎల్లవ్వ డబ్బ తెచ్చి తాడుకు కట్టి పైకి పంపుతుంది. మొన్నటిదాంక నిచ్చెన వద్దని లొల్లి పెట్టిన మనిషి, ఇప్పుడు కింద నిలవడి గట్టిగ పట్టుకుంటుంది. సీరియల్ కన్న ఇదే మంచిగున్నదట.

పని పోతదా అన్నవు. పోవచ్చు. సోమారం సంది నాకు ఆ బుగులు లేదు. ఎందుకు లేదో సోంచాయించిన గని సమజ్ కాలే.

ఈ ఉత్తరం నిచ్చెన మీద కూసోనే రాస్తున్న. మోకాలు మీద అట్ట పెట్టుకున్న. కిందికెళ్ళి ఎవడో నిచ్చెన కదిలిచ్చుకుంట పోతె అక్షరాలు ఎగిరినయ్. సరిజేసుకోని సదువుకో.

ఇంకో సినిమా రాస్తె మల్లేష్ కు పెదవులు కనవడేటట్టు ఒక చిన్న వేషం ఇయ్యాల్నట. నాకు వద్దు.

సేఠ్ ఎప్పుడు చెప్తడో తెల్వది. నువ్వు మాత్రం ఆలిస్యం చెయ్యకు. జల్ది జవాబు రాయి.

మీ మామ,
రాజమల్లు